వడదెబ్బకు సాక్ష్యం ఏది?

మే నెలలో ఉపాధి హామీ పని నుంచి వచ్చిన కూలీ, కళ్లు తిరుగుతున్నాయంటూ అరుగు మీద ఒరుగుతాడు. పొద్దుగూకేసరికి ప్రాణం పోతుంది. తెల్లారితే దహనం. అది వడదెబ్బ చావేనని తేల్చాల్సింది తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సైలతో కూడిన త్రిసభ్య కమిటీ. పోస్టుమార్టం నివేదిక ఏదని వాళ్లు అడిగే సరికి చితి చల్లారి ఉంటుంది. ఊళ్లో వాళ్ల నోట మాత్రం 'గుండె ఆగింది' అన్న మాట మిగులుతుంది.

2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, 50 వేల రూపాయల సాయాన్ని 4 లక్షలకు పెంచింది. సొమ్ము పెరిగింది కానీ రుజువు చేసే భారం తగ్గలేదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

బీమా లెక్కలు కట్టే యాక్చువరీలకు ఇక్కడో దారి తెలుసు. ఫలానా మనిషి ఎందుకు పోయాడని వాళ్లు ఆరా తీయరు. మామూలుగా ఆ రోజుల్లో ఎందరు పోతారు, ఈసారి ఎందరు పోయారు అని చూస్తారు. ఆ తేడాయే అదనపు మరణాలు. 2010 మేలో అహ్మదాబాద్ ఉడికిపోయినప్పటి మరణాలను పరిశోధకులు 2009, 2011 మే నెలలతో పోల్చితే 1,344 అదనంగా తేలాయి. ఆ నగరం 2013లో వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకోవడానికి ఈ అనుభవమే కారణం. 2015 వేసవిలో తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి అధికారికంగానే రెండు వేలకు పైగా వడదెబ్బ మరణాలు చెప్పాయి. అవి కమిటీల దాకా వచ్చినవి మాత్రమే.

బీమా కంపెనీలు వాడే మరణాల పట్టికకూ ఓ లోటుంది. పాలసీ ఉన్నవాళ్ల అనుభవంతోనే దాన్ని కడతారు. పాలసీ లేని కూలీ అందులో ఉండడు. అతని ముప్పు ఎంతో తెలియనప్పుడు ప్రీమియం ఎలా లెక్కగడతారు?

ఒక దారి మన నేల మీదే మొదలైంది. 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతులకు వాన బీమా పెట్టారు. పొలం చూసి నష్టం అంచనా వేసే పని లేదు, వర్షమాపకంలో వాన తగ్గితే పరిహారం వస్తుంది. అదే సూత్రంతో 2024లో స్వయం ఉపాధి మహిళల సంఘం 'సేవ' (SEWA) సుమారు 50 వేల మంది మహిళలకు వేడి బీమా అందించింది. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటినప్పుడు 400 రూపాయల నగదు చేతికిచ్చారు. ఎండకు పని మానేస్తే ఆ పూట కూలి పోతుంది. ఆ భయంతోనే మనుషులు మిట్టమధ్యాహ్నం దాకా మట్టి మోస్తారు. చనిపోయాక ఇచ్చే లక్షల కంటే, ఆ పూట ఇచ్చే నాలుగు వందలు ప్రాణం నిలబెట్టవచ్చు.

ఇందులోనూ చిక్కుంది. ఉష్ణోగ్రత కొలిచే కేంద్రం ఒకచోట ఉంటే, కూలీ ఉండే రేకుల గది మరోచోట. అక్కడ 39 చూపించినా ఇక్కడ ఒళ్లు కాలుతుంది. ఏ డిగ్రీ దగ్గర చావులు పెరుగుతాయో మండలాలవారీగా తెలిస్తేనే పరిహారం ఇచ్చే గీత సరైన చోట గీయగలం.

అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలన్న నిబంధన ఉంది. ఆ సంఖ్యలను వారంవారం మండలాలవారీగా బయటపెడితే చాలు. చావుకు కారణం రాయడానికి డాక్టరు కావాలి. చనిపోయిన తేదీ రాయడానికి పంచాయతీ కార్యదర్శి చాలు.