పసంద్ ఎవరిదైనా సరే, మాలిక్ ఎవరు?

మొన్న భాయ్‌జాన్ ఇంట్లో దావత్. భోజనాలయ్యాక పెద్దవాళ్ళంతా హాల్లో నడుం వాల్చారు. లోపలి కమ్రాలో పిల్లలు బహస్ షురూ చేశారు. విషయం జపాన్ ఆనిమే. భాయ్‌జాన్ కొడుకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. 'లెజెండ్ ఆఫ్ ది గెలాక్టిక్ హీరోస్', 'మాన్‌స్టర్' లాంటివి తప్ప మిగతావి ఆనిమేలే కావంటాడు. మా ఆపా కూతురు ఇంటర్. దానికి 'కే-ఆన్!' అంటే ప్రాణం.

"నీదొక టేస్టా? నలుగురు ఆడపిల్లలు కూసోని చాయ్ తాగుతరు, కేకులు తింటరు, నువ్వు చూస్తవు. బక్వాస్."

"నీది మరి? యూనిఫారాలు ఏసుకోని గంటలకొద్దీ తఖ్రీర్లు ఇస్తరు. ఒక్కడు లేస్తడు, ఇంకొకడు కూసుంటడు."

నవ్వొచ్చింది. ఇద్దరి మాటా సగం నిజమే. అక్కడితో ఆగితే ఇది రాసేవాణ్ణి కాదు. చాయ్ కోసం లోపలికెళ్ళిన నన్ను చూడగానే ఇద్దరూ ఒక్కటైపోయారు. "చిచ్చా, నీ అల్మారాల డబ్బాలన్నీ కాయ్‌కూ? అన్నీ ఫోన్ల ఉన్నయ్ గదా. కబాడీవాడికి ఏసేయ్" అన్నాడు వాడు. "అవు మామూ, అమ్మీ గూడా అదే అంటది" అని ఇది.

దావత్‌లో నోరు పారేసుకోవడం తమీజ్ కాదని ఊరుకున్నా. ఇక్కడ చెప్తా. ఆ ఇద్దరికే కాదు, ఒకరి పసంద్‌ని ఒకరు చెత్త అనుకుంటూ, చేతిలో ఉన్న ఫోను చూసుకుని 'అంతా నాదే' అనుకునే మన ఆనిమే బిరాదరీ మొత్తానికి.

ముందు కబాడీ సంగతి. అమెరికాలో ఫ్యునిమేషన్ అని కంపెనీ ఉండేది. జపాన్ సిరీస్‌లకు ఇంగ్లీషు డబ్బింగ్ చేసి డివిడిలు, బ్లూరేలు అమ్మేది. ఆ డబ్బాల్లో డిస్కుతోపాటు ఒక కాగితం ముక్క పెట్టేవారు. దాని మీదున్న కోడ్ కొడితే అదే సిరీస్ మీ ఖాతాలో 'డిజిటల్ కాపీ'గా జమ అయ్యేది. ఫ్యునిమేషన్ సోనీ చేతిలోకి పోయింది. 2021లో క్రంచీరోల్ కూడా సోనీ ఇంటికే వచ్చింది. ఒక ఇంట్లో రెండు దుకాణాలు దేనికని 2024 ఏప్రిల్ 2న ఫ్యునిమేషన్ యాప్‌ను మూసేశారు. మరి ఖాతాల్లో జమ అయిన డిజిటల్ కాపీలు? క్రంచీరోల్‌లోకి రావన్నారు. గాయబ్. ఒకే డబ్బా, ఒకే రసీదు. అందులోని డిస్కు ఇవాళ్టికీ ఆడుతోంది. కోడ్ ఉన్న కాగితం కిరాణా పొట్లానికి కూడా పనికిరాదు.

ఇప్పుడు చెప్పు బేటా, కబాడీ ఏది?

ఫోన్లో ఉన్నది నీది కాదు. కిరాయిది. కిరాయి ఇంట్లో ఉండటం తప్పు కాదు, నేనూ నెలనెలా కడుతూనే ఉన్నా. కానీ కిరాయిదారు మాలిక్‌లాగా మాట్లాడితే నవ్వు రాదా? ఇంటి ఓనరు ఖాళీ చేయమనే ముందు కనీసం నోటీసిస్తాడు. లైసెన్సు షర్తు ఖతమైతే ఇక్కడ సిరీస్ ఒక రోజు ఉంటుంది, మర్నాడు ఉండదు.

ఉన్నా, ఉన్నట్టే ఉంటుందని నమ్మకం లేదు. 1995లో మొదలైన 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' తెలియని ఆనిమే ప్రేమికుడు ఉండడు. దాంట్లో ఎపిసోడ్ ఆఖర్లో 'ఫ్లై మీ టు ద మూన్' అనే పాత అమెరికన్ పాట వచ్చేది, ఒక్కోసారి ఒక్కో గొంతుతో, ఒక్కో పోకడతో. లోపల మనుషులు నలిగిపోతుంటే ఆఖర్న ఆ తేలికైన పాట. అది అలంకారం కాదు, కహానీలో భాగం. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చినప్పుడు జపాన్ బయట ఆ పాట లేదు. ఇంగ్లీషు డబ్బింగూ కొత్తది. పాత ఆవాజ్‌లకు అలవాటు పడ్డవాళ్ళు గోల పెట్టారు. ఎవరు వింటారు?

డిస్కును ఔలియాను చేయడం లేదు నేను. 2021లో అమెరికాలో వచ్చిన కొత్త బ్లూరేలోనూ ఆ పాట లేదు. కానీ ఇరవై ఏళ్ళ కింద ఎవరో కొని దాచుకున్న పాత డివిడిలో ఉంది. దాన్ని మార్చే తాఖత్ ఏ కంపెనీకీ లేదు. ఎందుకంటే అది వాళ్ళ ఇంట్లో లేదు, వీడి అల్మారాలో ఉంది.

ఇక పసంద్ విషయం. భాయ్‌జాన్ కొడుకు గురూర్ అంతా ఇక్కడే.

వాడు నెత్తిన పెట్టుకునే 'గెలాక్టిక్ హీరోస్' ఎలా బతికిందో వాడికి తెలుసా? 1988లో మొదలై 1997 దాకా 110 ఎపిసోడ్లు. టీవీ చానెల్ కోసం తీసింది కాదు. ముందుగా చందా కట్టిన షౌకీన్లకు వీడియో క్యాసెట్లుగా టపాలో పంపారు. అంతరిక్షంలో రాజకీయాల మీద తఖ్రీర్లు వినడానికి సొంత జేబులోంచి పైసలు తీసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అది ఉంది. 1983 డిసెంబరులో మమొరు ఒషీ తీసిన 'డల్లోస్'తో జపాన్‌లో ఈ దారి తెరుచుకుంది. టీవీకీ సినిమా హాలుకూ పోకుండా నేరుగా వీడియోకే తీసిన మొదటి ఆనిమే అది. ఆ తర్వాత పదేళ్ళు ఎంత అసలైన సరుకు వచ్చిందో, ఎంత బేకార్ సరుకు వచ్చిందో! రెండూ కొనేవాడి మీదే బతికాయి.

ఆ తర్వాత అర్ధరాత్రి ఆనిమేల కాలం. నాలుగైదు కంపెనీలు కలిసి కమిటీగా పెట్టుబడి పెట్టడం, అర్ధరాత్రి టీవీలో వేయడం, డిస్కులు అమ్మి వసూలు చేసుకోవడం. జపాన్‌లో ఒక్కో డిస్కుకు రెండేసి ఎపిసోడ్లు, ఖరీదు ఆరేడు వేల యెన్లు. పదమూడు ఎపిసోడ్ల చిన్న సిరీస్ పూర్తిగా జమ చేయాలంటే నలభై వేల యెన్ల చుట్టూ అవుతుంది. పిచ్చి ధర. అయినా కొన్నారు. 2009లో వచ్చిన 'కే-ఆన్!' ఆ దారిలోనే వచ్చింది. అర్ధరాత్రి వేశారు. డిస్కులూ పాటలూ జబర్దస్త్‌గా అమ్ముడుపోయాయి.

అంటే ఏమిటి? వాడి తఖ్రీర్ల సిరీసూ దీని చాయ్ సిరీసూ ఒకే హిసాబ్‌లో పుట్టాయి. ఎవరో జిద్దుగా 'నాకు ఇదే పసంద్' అని పైసలు కట్టారు. నలుగురూ మంచిదన్నదే కొనాలని అందరూ అనుకుని ఉంటే ఆ 110 ఎపిసోడ్లలో పది కూడా వచ్చేవి కావు. వేరే వేరే పసంద్‌లు ఉండటం ఈ బిరాదరీకి జబ్బు కాదు, ఖజానా. ఒకడు రోబోలు దాస్తాడు, ఒకడు స్కూలు పిల్లల కథలు దాస్తాడు, ఒకడు ఎవరికీ పట్టని 1998 నాటి 'లాస్ట్ యూనివర్స్' దాస్తాడు. ఆ సిరీస్‌లో నాలుగో ఎపిసోడ్ బొమ్మలు ఎంత ఘోరంగా వచ్చాయంటే జపాన్‌లో ఇప్పటికీ దాని పేరు తిట్టులా వాడతారు. వీడియోలో అమ్మేటప్పుడు మళ్ళీ గీసి పెట్టారు. ఇలాంటివి ఎవరు దాస్తారు, పసంద్ ఉన్నవాడు తప్ప? 'మడోకా మాజికా' ఆఖరు ఎపిసోడ్లు 2011 మార్చి భూకంపం వల్ల నెలకు పైగా ఆగి ఏప్రిల్‌లో వచ్చాయి. తర్వాత డిస్కుకు ఎక్కించేటప్పుడు చాలా చోట్ల బొమ్మలు సరిదిద్దారు. టీవీలో చూసింది ఒకటి, డిస్కులో ఉన్నది ఇంకొకటి. ఏది అసల్, ఏది నఖలు అని నన్నడగొద్దు, రెండూ ఉండాలంటాను.

'చాయ్ తాగే సిరీస్' అని వాడు నవ్వాడే, దాన్ని గీసింది క్యోటో యానిమేషన్. 2019 జూలై 18న ఒకడు ఆ స్టూడియోకు నిప్పు పెట్టాడు. 36 మంది పోయారు. చేత్తో బొమ్మలు గీసే మనుషులు. అప్పుడు దునియా నలుమూలల నుంచీ పైసలు పంపినవాళ్ళు, వాళ్ళ దుకాణంలో దొరికింది కొనుక్కున్నవాళ్ళు ఎవరు? ఈ చాయ్ సిరీస్‌లను ప్రేమించినవాళ్ళే. నీకు నచ్చకపోతే చూడకు బేటా. తౌహీన్ మాత్రం చేయకు.

ఇప్పుడు నా జమాత్‌కి కూడా రెండు మాటలు. డిస్కులు కొనేవాళ్ళలో గురూర్ తక్కువేం లేదు. ప్లాస్టిక్ చించకుండా డబ్బాలు వరసగా పేర్చి ఫోటో తీసి, 'అసలు ఫ్యాన్ అంటే కొనేవాడే' అంటారు. చూడని డిస్కు దేనికి మియా? స్టాకు అయిపోయిందని తెలిసి నాలుగింతలకు అమ్ముకునేవాళ్ళ సంగతి వేరే, వాళ్ళది వ్యాపారం, వాళ్ళ ఫైసలా దేవుడు చూస్తాడు. కానీ కొనలేని పిల్లవాడి షౌక్ కూడా షౌకే. మన దగ్గర కార్టూన్ నెట్‌వర్క్‌లో హిందీలో 'డ్రాగన్ బాల్ జెడ్' చూసి, కరెంటు పోతే ఏడ్చి, మర్నాడు స్కూల్లో దోస్తును అడిగి కథ పూర్తి చేసుకున్నవాడి కంటే పెద్ద ఫ్యాన్ ఎవడు? వాడి దగ్గర ఒక్క డబ్బా లేదు. నా దగ్గరా లేదు అప్పుడు.

పైగా ఇక్కడ కొనడం అంటే జిహాదే. డివిడి లెక్కలో అమెరికా ఒకటో రీజియన్, జపాన్ రెండు, మనం ఐదు. బ్లూరే వచ్చాక వాళ్ళిద్దరూ 'ఎ' అయ్యారు, మనల్ని 'సి'లో పడేశారు. అంటే కష్టపడి తెప్పించుకున్నా మామూలు ప్లేయర్ 'నహీ' అంటుంది. ఒకసారి నా పార్సిల్ వచ్చేసరికి డబ్బా మూల నలిగిపోయి ఉంది, సుంకం కింద కట్టింది డిస్కు ధరలో సగం దాకా అయ్యింది. తెచ్చిన కుర్రవాడు "ఏముంది సాబ్ ఇందులో?" అన్నాడు. 'కార్టూన్లు' అంటే వాడి మొహం చూడాలి. ఆ రాత్రి ఇంట్లో ఎంత గొడవైందో ఇక్కడ రాయను.

మరి ఇంత తకలీఫ్ దేనికంటే, ఇప్పుడు అసలు మాట. ఇది మన జబాన్ సంగతి.

ఈ మధ్య క్రంచీరోల్ తెలుగులో డబ్బింగ్ చేయిస్తోంది. 'సోలో లెవలింగ్' తెలుగులో ఉంది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్' తెలుగులో మన హాళ్ళకు వచ్చింది. నాకు ఎంత ఖుషీ అయ్యిందో చెప్పలేను. మా అమ్మీకి కూడా అర్థమయ్యే మాటల్లో కత్తులు దూశారు. అయితే ఆ తెలుగు గొంతులతో ఒక్క డిస్కు ఏ దుకాణంలోనైనా మీకు కనిపించిందా? నాకు కనిపించలేదు. ఉన్నది సర్వర్ మీద. కిరాయికి. రేపు షర్తులు మారితే, లెక్క గిట్టుబాటు కాకపోతే, ఇంకో కంపెనీ కొనేస్తే? ఆ గొంతు ఇచ్చిన ఆర్టిస్టు తన కూతురికి వినిపిద్దామంటే ఏం చూపిస్తాడు? ఆ పాత హిందీ 'డ్రాగన్ బాల్ జెడ్' సంగతే చూడండి. ఆ గొంతులు కావాలంటే ఎవరో ఇంట్లో టీవీకి తగిలించి రికార్డు చేసుకున్న గరగరలాడే ముక్కలు వెతుక్కోవాలి.

కాబట్టి నా సవాలు డబ్బింగా సబ్‌టైటిలా అని రాత్రంతా కొట్టుకునేవాళ్ళకు. 'తెలుగు డబ్బింగ్ చూసేవాడు అసలు ఫ్యానే కాదు' అనే పెద్దమనుషులకు కూడా. కొట్టుకోండి, మజా ఉంటుంది, నేనూ వస్తా. కానీ అదే నోటితో 'తెలుగు ట్రాక్‌తో డిస్కు వేయండి, పైసలు కడతాం' అని ఒక్కసారి అడిగారా? చందా కట్టి 110 ఎపిసోడ్లు తీయించుకున్నవాళ్ళు మన కంటే మొనగాళ్ళేం కాదు. వాళ్ళు అడిగారు, కట్టారు.

దావత్ తర్వాతి జుమేరాత్ భాయ్‌జాన్ కొడుకు ఫోన్ చేశాడు. వాడు సగం చూసిన సిరీస్ ఒకటి యాప్‌లో కనిపించడం లేదట. "చిచ్చా, నీ అల్మారాల ఉన్నదా?" అన్నాడు గొంతు తగ్గించి. ఉంది. వాడు చాయ్ చిట్టిలనే రకం సిరీస్ అది, పేరు చెప్పి ఇజ్జత్ తీయను. వచ్చి తీసుకెళ్ళమన్నా. మళ్ళీ పది నిమిషాలకు ఫోను. "చిచ్చా, నా ల్యాప్‌టాప్‌కి డిస్కు పెట్టే జాగనే లేదు."

యూఎస్‌బీ డ్రైవ్ కూడా ఇచ్చి పంపా. వాపస్ తెమ్మన్నా. ఇంకా తేలేదు. వాడి కంటే ముందు ఆపా కూతురు లైన్లో ఉంది.