ఇంటికొక చట్టం తెలిసిన మనిషి

డిగ్రీ పూర్తయిన పిల్లల గురించి మన ఇళ్లలో సాధారణంగా మూడు మాటలే వినిపిస్తాయి: గల్ఫ్ ప్రయాణం, పోటీ పరీక్షలు, లేదా తండ్రి దుకాణం. నాలుగో దారి మూడేళ్ల న్యాయవిద్య, అందులోనూ వాణిజ్య చట్టాల అధ్యయనం. లా అనగానే క్రిమినల్ కేసులే గుర్తుకు రావడం వలన ఈ దారి మన చర్చలోకే రావడం లేదు.

ముస్లింలలో స్వయం ఉపాధి వాటా అధికమని 2006లో సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. వర్క్‌షాపులు, పండ్ల మండీలు, గాజుల దుకాణాలు, హోటళ్లు చాలావరకు నోటిమాట మీదే నడుస్తున్నాయి. నమ్మకం మంచిదే. కాని వివాదం వచ్చిన రోజున న్యాయస్థానం ముందుగా అడిగేది కాగితాన్నే. అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు సాక్షులతో రాసుకోమని దివ్య ఖురాన్ అల్ బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తున్నది. ఆ ఆదేశాన్ని మనం ఎంతవరకు పాటిస్తున్నామో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

అన్నదమ్ములు కలిసి పెట్టిన దుకాణాన్నే తీసుకుందాం. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం రిజిస్టరు కాని సంస్థ ఒప్పందం మేరకు తనకు రావలసిన బాకీ కోసం ఇతరులపై దావా వేయలేదు. ఇతరులు మాత్రం దానిపై వేయగలరు. భాగస్తుడొకరు మరణిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, సంస్థే రద్దవుతుంది. చెక్కు చెల్లలేదని బ్యాంకు తెలిపిన 30 రోజుల లోపల లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న ఉత్పత్తిదారుకు కొనుగోలుదారు 45 రోజులకు మించి బాకీ పెట్టరాదు. మించితే చక్రవడ్డీతో చెల్లించాలి. ఈ హక్కులు తెలియక, గడువులు దాటిపోయి, కష్టార్జితాన్ని వదులుకుంటున్న కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి.

ఏ డిగ్రీ చదివినవారైనా లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. డిగ్రీలో సాధారణ అభ్యర్థులకు 45 శాతం, వెనుకబడిన తరగతులవారికి 42 శాతం మార్కులుండాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ బీసీ-ఇ వర్గానికి 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. కుల ధ్రువీకరణ పత్రం ముందే సిద్ధం చేసుకోవాలి. దూరవిద్యలో పొందిన లా పట్టాతో న్యాయవాదిగా నమోదు కాలేరు గనుక అటువంటి ప్రకటనలకు మోసపోవద్దు. పట్టా తరువాత ఆసక్తి ఉన్నవారు వాణిజ్య చట్టాలలో ఎల్‌ఎల్‌ఎం చేయవచ్చు. బార్ కౌన్సిళ్లు సాధారణ అభ్యర్థుల నుండి నమోదు రుసుముగా 750 రూపాయలకు మించి తీసుకోరాదని 2024లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పేద విద్యార్థులకు ఇది పెద్ద ఊరట.

ఈ చదువుతో వెంటనే సంపాదన రాదు. తొలి ఏళ్లు సీనియరు వద్ద తక్కువ ఆదాయంతో పనిచేయక తప్పదు. అయినా ఒప్పందం చదవగలిగినవారు, పన్ను నోటీసుకు జవాబు రాయగలిగినవారు ఒక్కరున్నా ఆ ఇంటికీ, ఆ వీధికీ అండ. ఆడపిల్లలకు ఈ రంగం మరింత అనుకూలం. ఒప్పందాల తయారీ, పన్నుల సలహా వంటి పనులకు నిత్యం కోర్టు మెట్లెక్కనవసరం లేదు.

కార్యకర్తలకు మా విన్నపం ఒక్కటే. లాసెట్ ప్రకటన వెలువడగానే మీ మసీదు నోటీసు బోర్డుపై పెట్టండి. డిగ్రీ ముగించిన పిల్లలున్న ఇళ్లకు స్వయంగా వెళ్లి చెప్పండి. దరఖాస్తు నింపడానికి ఒక గంట వారితో కూర్చోండి.