యాభై మంది సోమలింగాలు

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెతను ముప్పై నాలుగేళ్ళ పాటు పిల్లలకు చెప్పాను. దానికి అమెరికా సెనేటులో ఇంతటి సోదాహరణ వ్యాఖ్యానం దొరుకుతుందని మాత్రం ఏనాడూ ఊహించలేదు. ఆ దేశంలో రాజకీయాల మీద మోజు ఉన్నవారికి ఒక విచిత్రమైన వినోదం ఉన్నది. యాభై రాష్ట్రాల పేర్లు వరుసగా వ్రాసి, ఒక్కొక్క దానికి ఎదురుగా రాబోయే సెనేటరు పేరు వ్రాయడం. ఉన్నవాడు దిగిపోలేదు, దిగిపోతానని అనలేదు. కొన్నిచోట్ల ఎన్నికకు అయిదేళ్ళ గడువున్నది. అయినా వారసుని పేరు సిద్ధం! ఆలూ చూలూ లేకుండానే యాభై మంది సోమలింగాలకు నామకరణం జరిగిపోతుంది.

2023లో ఆరు నెలలు న్యూజెర్సీలో మా పెద్దవాడి ఇంట ఉన్నాను. మనుమడికి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. అక్కడే పుట్టినవాడు, ఓటుహక్కు వచ్చినవాడు. ఆగస్టు నెలలో వాడి బల్ల మీద అటువంటి జాబితా ఒకటి చూశాను. నోటుపుస్తకంలో పెన్సిలుతో, పొందికైన అక్షరాలతో వ్రాసుకున్నాడు. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది? ముందు దస్తూరి మెచ్చుకున్నాను. తరువాత, "ఇంతకీ నువ్వు ఎవరికి ఓటు వేస్తావురా?" అని అడిగాను.

"వేయడమెందుకు తాతయ్యా, ఎవరొస్తారో తెలిసినదేగా!" అన్నాడు.

నా వాదమంతా ఆ జవాబుతోనే గాని, వాడితో కాదు.

విషయం తెలియని చదువరుల కోసం రెండు మాటలు. సెనేటులో రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది సభ్యులు. నాలుగు కోట్ల జనాభాకు చేరువైన కాలిఫోర్నియాకూ ఇద్దరే, ఆరు లక్షలకు లోపున్న వయోమింగుకూ ఇద్దరే. పదవీకాలం ఆరేళ్ళు, రెండేళ్ళకొకసారి మూడవవంతు మంది ఎన్నికకు వస్తారు. 1913కు ముందు వీరిని ప్రజలు ఎన్నుకొనేవారు కారు, రాష్ట్ర శాసనసభలు ఎన్నుకొనేవి. ఆనాడు ఈ జోస్యానికి కొంత ఆధారమున్నది. శాసనసభ్యుల తలలు లెక్కపెట్టుకుంటే చాలు. ఆ పద్ధతి ఎంత చక్కగా సాగిందంటే, లంచాల ఆరోపణలు వచ్చాయి, ప్రతిష్టంభనలు వచ్చాయి, 1901 నుండి 1903 వరకు డెలావేర్ రాష్ట్రానికి సెనేటులో ఒక్క సభ్యుడూ లేకపోయాడు. విసిగిన జనం 1913లో పదిహేడవ రాజ్యాంగ సవరణ ద్వారా ఆ ఎంపికను తమ చేతిలోకి తెచ్చుకున్నారు. మధ్యలో స్థానం ఖాళీ అయితే చాలా రాష్ట్రాలలో గవర్నరు తాత్కాలికంగా ఒకరిని నియమిస్తాడు. కనుక రాబోయే సెనేటరు ఎవరన్నది మూడింటి మీద ఆధారపడి ఉన్నది: ఉన్నవారి ఆయుర్దాయం లేదా ఆశయం, ఒక గవర్నరు మనసు, లక్షలాది ఓటర్ల తీర్పు. ఈ మూడింటినీ ముందుగా చదవగల దైవజ్ఞుడెవరైనా ఉంటే ఆయన పంచాంగం మోయడానికి నేను సిద్ధమే.

ఆ డెలావేర్‌నే మళ్ళీ చూడండి. 1972లో తొలిసారి గెలిచిన జో బైడెన్ 2009 జనవరిలో ఉపాధ్యక్షుడయ్యే వరకు అక్కడి సెనేటరు. ఖాళీ అయిన స్థానంలో నియమితుడైన టెడ్ కాఫ్‌మన్ తాను ఎన్నికలో నిలబడనన్నాడు. ఇంకేముంది, కుమారుడు బో బైడెన్ వస్తాడని అందరూ అనుకున్నారు. అతడు 2010 జనవరిలో పోటీ చేయనని ప్రకటించాడు. అయితే మాజీ గవర్నరు మైక్ కాసిల్ ఖాయమన్నారు. ఆయన సెప్టెంబరులో సొంత పార్టీ ప్రైమరీలోనే క్రిస్టీన్ ఓడానెల్ చేతిలో ఓడిపోయాడు. నవంబరులో గెలిచింది క్రిస్ కూన్స్, ఒక కౌంటీ పాలనాధిపతి. ఇద్దరు పెళ్ళికొడుకులకు ముహూర్తాలు పెట్టగా, పీటల మీద కూర్చున్నది మూడవవాడు.

అదే సంవత్సరం అలాస్కాలో జరిగినది భాషోపాధ్యాయునిగా నాకు మరీ ప్రీతిపాత్రం. 2002లో ఫ్రాంక్ మర్కౌస్కీ గవర్నరై, తాను ఖాళీ చేసిన సెనేటు స్థానంలో తన కుమార్తె లీసాను నియమించాడు. 2010 ప్రైమరీలో ఆమె జో మిల్లర్ చేతిలో ఓడిపోయింది. ఓటుపత్రం మీద పేరు లేదు. కథ ముగిసిందన్నారు. ఆమె వెనుదీయక, తన పేరును పత్రంలోని ఖాళీగీత మీద చేత్తో వ్రాయమని ఓటర్లను అడిగింది. అంతటి చిక్కు పేరును లక్ష మందికి పైగా వ్రాశారు, కొందరు తప్పులతో వ్రాశారు. అక్షరదోషమున్న ఓట్లు చెల్లవని మిల్లర్ కోర్టుకెక్కాడు. ఓటరు ఉద్దేశం స్పష్టమైతే చాలునని అలాస్కా అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. సుమారు 10,000 ఓట్ల ఆధిక్యంతో ఆమె గెలిచింది. 1954లో దక్షిణ కెరొలైనాలో స్ట్రామ్ థర్మండ్ తరువాత అలా చేతివ్రాత ఓట్లతో సెనేటు గెలిచినవారు లేరు. ఒక్క ఒత్తు తప్పితే అరమార్కు కోసిన నాబోటి వాడు తల వంచుకోవలసిన తీర్పు అది.

2006లో వర్జీనియా సెనేటరు జార్జి ఆలెన్‌ను రాబోయే అధ్యక్ష అభ్యర్థులలో ఒకనిగా లెక్కవేసేవారు. అతని సెనేటు స్థానం గురించి అనుమానమే లేదు. ఆగస్టులో ఒక సభలో, ప్రత్యర్థి తరఫున దృశ్యాలు చిత్రిస్తున్న భారతీయ సంతతి విద్యార్థిని చూపించి, కోతిజాతిని సూచించే "మకాకా" అన్న మాటతో సంబోధించాడు. ఆ దృశ్యం దేశమంతా చూసింది. నవంబరులో జిమ్ వెబ్ చేతిలో 9,000 పైచిలుకు ఓట్లతో ఓడిపోయాడు. సెనేటులో ఆధిక్యం కూడా ఆ ఓటమితోనే చేతులు మారింది. నోరు జారడానికి ఏ జాబితాలో గడి గీస్తారు?

జాబితాకారులు చెప్పే సమాధానం నాకు తెలియనిది కాదు. "పదవిలో ఉన్నవారిలో ఎక్కువమంది తిరిగి గెలుస్తారు, చాలా రాష్ట్రాల మొగ్గు ముందే తెలుసు, మా అంచనాలు సింహభాగం ఫలిస్తాయి" అంటారు. నిజమే. ఎన్నిక దగ్గరపడి, అభ్యర్థులు తేలి, జనాన్ని అడిగి లెక్కకట్టేవానితో నాకు పేచీ లేదు. అది గణితం. వాన పడే అవకాశం ఇంత అని చెప్పే వాతావరణ శాఖ వంటిది. నా పేచీ ఖాళీ కాని కుర్చీకి వారసుని ప్రకటించేవానితో. ఉన్నవాడు మళ్ళీ గెలుస్తాడనడం రేపు తెల్లవారుతుందనడం లాంటిది. "తరువాత ఎవరు" అన్న ప్రశ్న మొదలయ్యేదే ఆ లెక్క ముగిసిన చోట. 2008లో మిన్నెసోటాలో దాదాపు 29 లక్షల ఓట్లు పోలైతే, మళ్ళీ లెక్కపెట్టి, న్యాయస్థానాల చుట్టూ తిరిగి, 2009 జులైలో గాని ఆల్ ఫ్రాంకెన్ ప్రమాణం చేయలేదు. ఆధిక్యం 312 ఓట్లు. ఆనాడు "తెలిసినదేగా" అని ఇంట కూర్చున్నవారు అంతకన్నా తక్కువ ఉంటారా?

వ్యాకరణ భాషలో చెప్పనివ్వండి. "ఆయన అవుతాడు" అన్నది భవిష్యదర్థకం. "ఆయన కావాలి" అన్నది విధి. "మనం వేస్తే అవుతాడు" అన్నది చేదర్థకం. ప్రజాస్వామ్యమంతా ఆ చేదర్థకం మీద నిలిచి ఉన్నది. జాబితాకారుడు ఆ "వేస్తే"ను కొట్టివేసి "అవుతాడు"ను మాత్రం మిగిలిస్తాడు. వాక్యం చిన్నదవుతుంది, కర్త మాయమవుతాడు.

జోస్యం తప్పితే ఎవరికీ పెద్ద నష్టం లేదు, నవ్వి ఊరుకోవచ్చు. నిజమైతేనే నాకు భయం. ఎందుకో చెప్పడానికి నా ముచ్చట ఒకటి చెప్పుకోక తప్పదు. ఒక ఏడు పదవ తరగతి పరీక్షలకు ముందు ప్రధానోపాధ్యాయులు మమ్మల్ని అంచనా పట్టిక అడిగారు. తప్పేవారి వరుసలో నేను నలుగురి పేర్లు వ్రాశాను. అందులో ఒక పిల్లవాడు వెనుక బల్ల మీద కూర్చునేవాడు. పేరు వ్రాసిన నాటి నుండి వాడిని ప్రశ్న అడగలేదు. వాడి వ్యాసాలు దిద్దలేదు, సంతకం పెట్టి పంపేవాణ్ణి. ఫలితాలు వచ్చాయి. వాడు తెలుగులోనే కొద్ది మార్కులలో తప్పాడు. "మీ అంచనా అక్షరాలా నిజమైందండీ పండితులవారూ" అని మెచ్చుకున్నారు, నేను సంతోషించాను కూడా. మళ్ళీ పరీక్షకు దరఖాస్తు నింపడానికి వచ్చినప్పుడు వాడు అన్నాడు: "నా పేరు ఆ కాగితంలో ముందే ఉందటగదా మాస్టారూ." నా జోస్యం ఫలించలేదు, దానిని నేను ఫలింపజేశాను.

సెనేటు జాబితాలు చేసే పని కూడా ఇదే. ఫలానావాడే వస్తాడన్న మాట పుడితే చందాలు అటు పోతాయి, నాయకుల మద్దతు అటు పోతుంది, మిగిలినవారు పోటీ చేయడమే మానుకుంటారు. న్యూజెర్సీలో దీనిని కళ్ళారా చూశాను. 2023 సెప్టెంబరు 22న అక్కడి సెనేటరు బాబ్ మెనెండెజ్‌పై అవినీతి అభియోగాలు మోపారు. మరునాడే ప్రతినిధుల సభ సభ్యుడు ఆండీ కిమ్ పోటీకి దిగుతున్నానన్నాడు. నవంబరులో గవర్నరు సతీమణి టామీ మర్ఫీ రంగంలోకి రాగానే పార్టీ కౌంటీ నాయకులు చాలామంది ఆమె వెనుక నిలిచారు. ఆ రాష్ట్రంలో అప్పటికి ఒక ఏర్పాటు ఉండేది. చాలా కౌంటీలలో పార్టీ మెచ్చిన అభ్యర్థుల పేర్లన్నీ ఓటుపత్రంలో ఒకే వరుసలో ముద్రించేవారు. మిగిలినవారు ఏ మూలనో పడి ఉండేవారు. జోస్యాన్ని ఓటుపత్రం మీదనే అచ్చువేయడమన్నమాట! మా మనుమడు ఆగస్టులో వ్రాసిన పేరు చెరిపి మర్ఫీ పేరు వ్రాశాడు. అప్పటికే సెప్టెంబరు చివర డయాన్ ఫైన్‌స్టీన్ మరణించగా, కాలిఫోర్నియా ఎదుట వాడు వ్రాసిన పేరు పోయి, అప్పటికి మేరీలాండ్‌లో నివసిస్తున్న లఫాన్జా బట్లర్‌ను గవర్నరు నియమించడం వాడికి ఏమీ నేర్పలేదు.

కిమ్ ఆ వరుస పద్ధతిపైనే దావా వేశాడు. 2024 మార్చి 24న మర్ఫీ విరమించుకున్నది. 29న ఫెడరల్ న్యాయస్థానం జూన్ ప్రైమరీకి ఆ పద్ధతిని నిలిపివేసింది. ఆగస్టులో మెనెండెజ్ రాజీనామా చేయగా జార్జ్ హెల్మీ అనే ఆయన కొద్ది నెలలు ఆ స్థానంలో కూర్చున్నాడు. లెక్కప్రకారం "రాబోయే సెనేటరు" ఆయనే! ఆయన పేరు మా వాడి పుస్తకంలో ఏనాడూ లేదు. నవంబరులో ప్రజలు గెలిపించినది కిమ్‌ను.

మన తెలుగువారికీ ఈ జాడ్యం సోకినది. ఆంధ్ర నుండి వెళ్ళిన దంపతుల కుమార్తె ఉష భర్త జె.డి. వాన్స్ 2022లో ఒహాయో సెనేటరుగా గెలిచినప్పుడు అది అతని తొలి ఎన్నిక. 2025 జనవరిలో ఉపాధ్యక్ష పదవి కోసం అతడు ఆ స్థానం వదులుకోగానే, వివేక్ రామస్వామి వస్తాడని మనవారు కొందరు మిఠాయిలు పంచినంత పని చేశారు. గవర్నరు నియమించినది జాన్ హస్టెడ్‌ను. అదీ 2026 నవంబరు ఎన్నిక వరకే. హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరైంది; హైదరాబాదులోనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియాలో అదే పదవికి గెలిచింది. "తరువాత సెనేటే" అని మా బంధువుల మధ్య సందేశాలు. వారు ఉన్న పదవిలో ఏమి చేశారో చెప్పమని అడిగితే ఒక్కరూ పలకలేదు. మనవారు గెలవాలని కోరుకోవడం తప్పు కాదు. ఏమి చేస్తారని అడగకుండా ఏ మెట్టు ఎక్కుతారని మాత్రం లెక్కపెట్టడం తప్పు. అది వారినీ చిన్నబుచ్చడమే.

2024 జూన్ 4న, ప్రైమరీ నాటి రాత్రి మనుమడు ఫోను చేశాడు. ఆ పుస్తకం సంగతి నేనే అడిగాను.

"న్యూజెర్సీ దగ్గర చెరిపి చెరిపి కాగితం చిరిగింది తాతయ్యా. వదిలేశాను."

"మరి ఓటు?"

"వేసి వచ్చాను."

ఎవరికని నేను అడగలేదు.