ఫ్లాపని పేరెట్టి హిట్టు కొట్టిన సర్దార్జీ!

తన ప్రోగ్రాంకి తనే 'ఫ్లాప్ షో' అని పేరెట్టుకున్న మొనగాణ్ణి ఎక్కడైనా చూశారా? మన సినిమా వాళ్ల ముందు ఆ మాటంటే ముహూర్తం షాట్‌కి ముందే దిష్టి తీయించేస్తారు! 1989లో దూరదర్శన్‌లో ఆ సాహసం చేసినవాడు జస్పాల్ భట్టీ. అంతటితో ఆగాడా? టైటిల్స్‌లో దర్శకుడి పేరు దగ్గర 'మిస్‌డైరెక్టెడ్ బై' అని వేసుకున్నాడు!

1955లో అమృత్‌సర్‌లో పుట్టి, చండీగఢ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు. చదివింది కరెంటు, ఇచ్చింది నవ్వుల షాకులు! కాలేజీలోనే 'నాన్సెన్స్ క్లబ్' పెట్టి వీధి నాటకాలాడాడు. ఓసారి ధరల మీద ఒళ్లు మండి కూరగాయలు, పప్పులు, నూనె పరిచి స్టాల్ పెట్టాడు. తిరునాళ్లలోలా రింగు విసిరి, పడితే పట్టుకుపోవడమే! 'ట్రిబ్యూన్' పత్రికకి కార్టూన్లూ గీశాడు. బుల్లితెర మీద మొదట పేరు తెచ్చింది మాత్రం 'ఉల్టా పుల్టా' అనే చిట్టి చురకలు.

'ఫ్లాప్ షో'కి రచన, దర్శకత్వం, ముఖ్య వేషం అన్నీ ఆయనే. నిర్మాత శ్రీమతి సవితా భట్టీ. ఆవిడే నటి కూడా! సెట్టింగులా, విదేశీ లొకేషన్లా? ఏమీ లేవు. పలకని టెలిఫోను, దొంగ మందుల బిల్లులు, పి.హెచ్.డి. కుర్రాడిచేత ఇంటి చాకిరీ చేయించుకునే ప్రొఫెసరు... అన్నీ మనమెరిగిన బాగోతాలే. అందుకే హిందీ అంతంతమాత్రంగా వచ్చిన మన ఇళ్లల్లోనూ నవ్వులు పూశాయి.

అసలు విశేషం మరోటుంది. అప్పుడున్నది ఒక్క దూరదర్శనే, అదీ సర్కారు వారిది. ఆ ఇంట్లో కూర్చునే సర్కారు ఆఫీసుల్ని ఏకిపారేశాడు! ఎలా చెల్లిందంటారా? మొదటి చురక తనకే వేసుకునేవాడు. తననే ఫ్లాపంటున్న మనిషి మీద ఎవరికి మాత్రం కోపమొస్తుంది చెప్పండి! పైగా పదంటే పదే ఎపిసోడ్లు. జనం ఇంకా కావాలంటుండగానే లేచిపోవడం మన హాస్యరచయితల్లో ఎంతమందికి చేతనవును?

హిందీ సినిమాలు ఆయన్ని సరిగ్గా వాడుకోలేదనే నా బాధ. 'ఫనా' (2006)లో సెక్యూరిటీ గార్డు వేషం సరదాగానే ఉంటుంది లెండి, కానీ ఆ కలానికి అది చాలుతుందా? పంజాబీలో మాత్రం 1999లో 'మహౌల్ ఠీక్ హై' తీసి పోలీసుల్ని ఓ పట్టు పట్టాడు.

చివరి సినిమా 'పవర్ కట్'. కరెంటు కోతల మీద కరెంటు ఇంజనీరు తీసిన చిత్రం! హీరో ఆయన కొడుకు జస్‌రాజ్. ఆ ప్రచారంలో తిరుగుతూనే, విడుదలకు ముందురోజు, 2012 అక్టోబరు 25న జలంధర్ దగ్గర కారు ప్రమాదంలో పోయాడు. 57 ఏళ్లే. మరుసటేడు కేంద్ర ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటించింది. ఉండుంటే, ఆ అవార్డు ఫైలు ఏయే టేబుళ్ల మీద ఎన్నాళ్లు నిద్రపోయిందో పదకొండో ఎపిసోడ్ రాసేవాడేమో!