ఈ నెల మా చదువు

ఈ నెల మేము చదివి ముగించినవి మూడే పుస్తకాలు. ఆఫీసులో సంవత్సరాంతపు లెక్కలు. రాత్రి భోజనాలయ్యాక దొరికిన గంటే మా చదువు.

గురజాడవారి ‘కన్యాశుల్కం’, 1909 నాటి రెండవ కూర్పు, మళ్లీ తిరగవేశాము. కొత్తగా చెప్పవలసిందేమున్నది? గిరీశం మాట్లాడినంతసేపూ ఇంటిల్లిపాదికీ నవ్వులే.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ నెమ్మదిగా సాగింది. ఉపన్యాసాలు కొంత ఎక్కువే. అయినా రామదాసు కుటుంబం పడిన పాట్లు చదువుతూ పుస్తకం మూయబుద్ధి కాలేదు. 1922లో అచ్చయిన ఈ నవలను నాటి మద్రాసు ప్రభుత్వం ఎందుకు నిషేధించిందో చదివితేనే తెలుస్తుంది.

మూడవది తమిళ పుస్తకం, కి. రాజనారాయణన్‌గారి ‘గోపల్ల గ్రామం’ (1976). తెలుగు పత్రికలో ఇదేమిటంటారేమో, కథ మనదే! తెలుగునాడు విడిచి దక్షిణానికి వచ్చి, అడవి కొట్టి ఊరు కట్టుకున్నవారి గాథ. 137 ఏళ్ల అవ్వ మంగత్తాయారు ఆ వలస ముచ్చట చెబుతుంది. రచయితది తెలుగు మూలమున్న కుటుంబమే, వ్రాసింది తమిళంలో.

మేము పుట పుటా చదివి మా అమ్మగారికి తెలుగులో చెబుతూ వచ్చాము. “మా అవ్వ కూడా ఇట్లాగే చెప్పేది” అని ఆమె మధ్య మధ్య ఆపేది. మా చిన్నవాడు అంతవరకు ఆగలేదు. పుస్తకం లాక్కొని రెండు రోజుల్లో తానే ముగించాడు. వాడికి తమిళ అక్షరాలే వచ్చును. ‘మాలపల్లి’ అట్టమీది పేరు కూడా చదవలేక మా ముఖం చూశాడు.

తప్పు వాడిది కాదు. పలక కొన్నాము. ప్రస్తుతం క గుణింతంలో ఉన్నాము.