పాలనా పాఠాల్లో మనమెక్కడ?

వితంతు పింఛను కోసమో, భూమి పట్టా కోసమో, గృహహింస కేసులో రక్షణ కోసమో ఒక స్త్రీ వెంట ఆఫీసులకు తిరిగే మనకు ప్రభుత్వ యంత్రాంగం కొత్త కాదు. ఏ బల్ల దగ్గర ఫైలు ఆగుతుందో, ఎవరు 'రేపు రండి' అంటారో మనకు తెలుసు. కానీ ఆ బల్ల అవతల కూర్చున్న మనిషికి పాలన అంటే ఏమిటో ఎవరు నేర్పారు, ఏం నేర్పారు అన్న ప్రశ్న మనం ఎప్పుడో గాని వేసుకోం. ఈ సంచికలో ఆ ప్రశ్న వేయదలచుకున్నాను.

ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ రెండేళ్ళ కోర్సు. పాలనా సిద్ధాంతాలు, భారత పాలనా వ్యవస్థ, సిబ్బంది పాలన, ఆర్థిక పాలన, స్థానిక ప్రభుత్వాలు, అభివృద్ధి పాలన దాదాపు ప్రతిచోటా ప్రధాన పేపర్లుగా ఉంటాయి. ఈ డిగ్రీ ఉంటేనే అధికారి కావాలన్న నియమం లేదు. అయితే సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షలో ఇదొక ఐచ్ఛిక విషయం. యంత్రాంగం తన గురించి తాను ఏమనుకుంటోందో తెలుసుకోవాలంటే ఈ సిలబస్ కంటే మంచి పత్రం దొరకదు.

ఆ మెయిన్ పరీక్ష సిలబస్‌నే చూడండి. టేలర్, వెబర్, మేయో, బెర్నార్డ్, సైమన్ అంటూ సాగే చింతనాపరుల వరసలో ఒకే ఒక్క స్త్రీ మేరీ పార్కర్ ఫాలెట్. ఇక స్త్రీల పేరు పెట్టిన అంశం అభివృద్ధి అధ్యాయంలో కనిపిస్తుంది: 'స్త్రీలు - అభివృద్ధి: స్వయం సహాయక బృందాల ఉద్యమం'. అంటే పొదుపు చేసి, అప్పు తీర్చే లబ్ధిదారులుగా మనం ఉన్నాం. పాలనను నడిపేవాళ్ళుగా, పాలనలో చాకిరీ చేసేవాళ్ళుగా, పాలనను నిలదీసేవాళ్ళుగా మనకు చోటు లేదు.

ఇది ఎక్కడ మొదలైంది? ఈ శాస్త్రానికి పుట్టినరోజుగా చెప్పేది 1887లో వుడ్రో విల్సన్ రాసిన వ్యాసాన్ని. రాజకీయాలు వేరు, పాలన వేరు అన్న వాదానికి అది పునాది. అప్పుడు విల్సన్ పనిచేస్తున్నది బ్రిన్ మార్ అనే మహిళా కళాశాలలో. రోజూ ఎదుట కూర్చున్న విద్యార్థినులకు ఓటు లేదు. తర్వాత ఆయన అమెరికా అధ్యక్షుడయ్యాడు. స్త్రీలకు ఓటు హక్కునిచ్చే రాజ్యాంగ సవరణను 1918లో గాని సమర్థించలేదు. మరోపక్క, షికాగో మురికివాడలో 1889లో హల్ హౌస్ తెరిచిన జేన్ ఆడమ్స్, 1895లో తన వార్డుకు చెత్త తొలగింపు ఇన్‌స్పెక్టరుగా పనిచేసింది. పాలన అంటే వీధి శుభ్రంగా ఉండడం, పిల్లలు రోగాల పాలు కాకపోవడం అని ఆమె ఆచరణలో చూపింది. పాఠం విల్సన్‌తో మొదలవుతుంది గాని ఆడమ్స్‌తో కాదు.

ఈ శాస్త్రానికి ప్రాణం లాంటి మాట 'సమర్థత'. మన దేశంలో ఆ మాటను ఎవరి మీద ప్రయోగించారో చూద్దాం. 1954 నాటి ఐ.ఏ.ఎస్. నియామక నిబంధనల ప్రకారం వివాహిత స్త్రీకి ఆ సర్వీసులో చేరే హక్కు లేదు. చేరాక పెళ్ళి చేసుకుంటే, సర్వీసు సమర్థత కోసం అవసరమనుకుంటే, ప్రభుత్వం ఆమెను రాజీనామా చేయమనవచ్చు. 1972లో గాని దీన్ని తీసివేయలేదు. విదేశాంగ సర్వీసులోనైతే స్త్రీ పెళ్ళికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సి.బి. ముత్తమ్మ కోర్టుకెక్కితే 1979లో సుప్రీంకోర్టు ఈ వివక్షను తీవ్రంగా తప్పుపట్టింది. పెళ్ళయిన మగ అధికారి సమర్థతను ఎవరూ శంకించలేదు. అతని ఇంట్లో అన్నం వండి, పిల్లల్ని పెంచే మనిషి ఒకరున్నారు కదా! ఆఫీసు వేరు, ఇల్లు వేరు అన్న వెబర్ సూత్రం ఆ మనిషి చాకిరీ మీదే నిలబడింది. సిబ్బంది పాలన పేపర్‌లో చర్చించాల్సిన మొదటి విషయం ఇది.

రెండోది, అసలు సిబ్బంది ఎవరన్నది. 1975 అక్టోబరు 2న ఐ.సి.డి.ఎస్. మొదలైంది. ఊరూరా ప్రభుత్వ ముఖం అంగన్‌వాడీ కార్యకర్తే. ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆమెది సివిల్ పోస్టు కాదని 2006లో సుప్రీంకోర్టు అంది; గ్రాట్యుటీకి అర్హురాలేనని 2022లో అదే కోర్టు అంది. రాజ్యం పని చేస్తూ రాజ్యోద్యోగి కాని ఈ లక్షలాది స్త్రీలు నియామకం, పదోన్నతి, వేతనాల అధ్యాయంలో ఎక్కడ ఇముడుతారు?

రాజస్థాన్ భన్వరీదేవి కూడా ప్రభుత్వ కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేసిన మనిషే. బాల్యవివాహాన్ని ఆపబోవడం ఆమె విధి. ఆ విధి చేసినందుకే 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. దాని వెంట వచ్చిన పోరాటం వల్లే 1997లో విశాఖ తీర్పు, 2013లో పనిస్థలాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చాయి. చట్టాన్ని అమలు చేయబోయిన అట్టడుగు ఉద్యోగిని రాజ్యం ఎందుకు కాపాడలేకపోయింది? పాలనాశాస్త్ర విద్యార్థికి ఇంతకంటే పెద్ద ప్రశ్న ఉంటుందా?

మన ప్రాంతానికి వద్దాం. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతుల్లో కూర్చుని మాట్లాడుకుని సారా దుకాణం మూయించారు. ఆ తర్వాత వేలంపాటలను అడ్డుకున్నారు. ఎక్సైజు ఆదాయం మీద నడిచే ప్రభుత్వ ఖజానాను ప్రశ్నించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నెల్లూరులో పొదుపు ఉద్యమం దీని వెన్నంటే వచ్చింది. సిలబస్‌లో పొదుపు మిగిలింది, పోరాటం జారిపోయింది!

'అవన్నీ సోషియాలజీలో చెబుతారుగా' అంటారు కొందరు. నేను చదివిందీ, పరిశోధన చేసిందీ సోషియాలజీలోనే. మిగతా శాస్త్రాలు వద్దనుకున్న స్త్రీలను దాచిపెట్టే కొట్టుగది కాదది. మరికొందరు, ఒక ఐచ్ఛిక పేపర్ పెడితే సరిపోతుందంటారు. లేనిదానికంటే అది నయమే. కానీ ఇష్టమైన నలుగురు తీసుకునే ఆ పేపర్ చుట్టూ ప్రధాన పేపర్లు ఎప్పటిలాగే సాగిపోతాయి.

అందుకే మనం అడగవలసింది ప్రధాన పేపర్లలోనే మార్పు. సిబ్బంది పాలనలో స్కీం వర్కర్ల స్థితి, వివాహ నిబంధనల చరిత్ర, 2013 చట్టం కింది అంతర్గత కమిటీల పనితీరు ఉండాలి. ఆర్థిక పాలనలో 2005-06 నుంచి కేంద్ర బడ్జెట్‌తో పాటు వస్తున్న జెండర్ బడ్జెట్ పత్రాన్ని విద్యార్థులు స్వయంగా చదివి లెక్కలు తీయాలి. డిగ్రీ పొందాలంటే కొన్ని వారాల క్షేత్రపని తప్పనిసరి చేయాలి. అది కలెక్టరేట్‌లో అధికారి పక్క కుర్చీలో కాదు. రేషన్ షాపు క్యూలో, అంగన్‌వాడీలో, సఖి కేంద్రంలో జరగాలి. సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో స్త్రీల సంస్థల అనుభవానికి చోటుండాలి.

ఇవి ఎవరో దయతలచి ఇచ్చేవి కావు. మీ దగ్గర్లోని విశ్వవిద్యాలయం లేదా కళాశాల నుంచి ఈ కోర్సు సిలబస్ ప్రతి ఒకటి తెప్పించుకోండి. సంఘంలో అందరూ కూర్చుని పేపర్ పేపర్‌గా చదవండి. ఎక్కడ ఉన్నాం, ఏ రూపంలో ఉన్నాం, ఎక్కడ లేం అన్నది గుర్తుపెట్టండి. ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవంలోంచి అందులో ఏం చేరాలో రాసి మాకు పంపండి. అవన్నీ కలిపి ఒక వినతిపత్రంగా బోర్డుల ముందు పెడదాం. పాలన గురించి మనకు తెలిసినది పాఠం కావాలి.