వరుస ఇంజనా? వీ ఇంజనా?

ఉమ్మడి ట్రాక్టరు కొనదలచిన సంఘములలో నొక వాదము తఱచుగా వినవచ్చుచున్నది. విదేశములందలి మహాయంత్రముల చిత్రములను జూచిన యువకులు వీ ఇంజనే బలమైనదందురు. పెద్దలు లాగుడు వరుస ఇంజనుదే యని పట్టుపట్టుదురు. ఇరువురును ఇంజను రూపమును జూచుచున్నారే కాని బలము పుట్టుచోటును జూచుట లేదని నా యభిప్రాయము.

సిలిండర్లు ఒకే బారుగా నిలిచినది వరుస ఇంజను. ఆంగ్లాక్షరమగు ‘వీ’ వలె రెండు ప్రక్కలకు వాలి, క్రింద నొకే క్రాంకుషాఫ్టును త్రిప్పునది వీ ఇంజను. త్రిప్పుబలము, అనగా టార్కు, సిలిండర్ల మొత్తము పరిమాణమును బట్టియు, లోపల మండుటచే గలుగు ఒత్తిడిని బట్టియు నుండును. పిస్టను నడక పొడవైనచో బలము హెచ్చునని కొందఱు చెప్పుదురు. పరిమాణము మారక నడక పొడవైనచో సిలిండరు సన్నమగును. ఒకచోట గలిసివచ్చినది వేఱొకచోట బోవును.

అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ 1971లో ఈ రెంటిని ప్రక్కప్రక్కనే అమ్మినది. 1468 అను ట్రాక్టరునకు 9 లీటర్ల వీ ఇంజను, ఎనిమిది సిలిండర్లు. 1466 అను దానికి 7 లీటర్ల వరుస ఇంజను, ఆఱు సిలిండర్లు. కాని దీనికి టర్బో గలదు. టర్బో యెక్కువ గాలిని గ్రుక్కుటచే చిన్న ఇంజను పెద్దదానికి చేరువగా వచ్చినది. 1468 తయారీ 1974లో ఆగినది. 1977లో మోంటానాలో నిర్మింపబడిన బిగ్ బడ్ 747కు పదియాఱు సిలిండర్ల వీ ఇంజను పెట్టిన మాట నిజమే. అయినను 2024లో జాన్ డీర్ ప్రకటించిన 830 అశ్వశక్తుల ట్రాక్టరునకు 18 లీటర్ల వరుస ఇంజనే యున్నది.

వరుస ఇంజను మేలు వేఱు. దాని ముందుభాగము సన్ననిది; చాలు కనబడును, ముందుచక్రములు బాగుగా మరలును. రెండు ప్రక్కల విప్పవలసిన పని లేదు. ఊరి మేస్త్రీయే విప్పి బిగింపగలడు. సభ్యుల వాటాధనముతో నడచు బండికి ఈ సుళువు చిన్నది కాదు.

మన పొలములలో దున్ను రెండు, మూడు, నాలుగు సిలిండర్ల ట్రాక్టర్లు దాదాపు అన్నియు వరుస ఇంజనులవే. కావున వాదము మాని, అమ్మువానిని అడుగుడు: మిక్కిలి టార్కు ఎంత, నిమిషమునకు ఎన్ని చుట్లకడ? నాగలి గట్టినేలను దాకి చుట్లు తగ్గినపుడు టార్కు పెరుగవలెను. 50 అశ్వశక్తులని వ్రాసియున్న రెండు బండ్లలో నీ గుణము ఒక్కతీరున నుండదు. వెనుకచక్రములపై బరువెంతయో కూడ నడుగుడు. బరువు చాలనిచో ఎంత టార్కున్నను టైర్లు జాఱును. పిమ్మట నాగలి కట్టించి మన నల్లరేగడిలోనే ఒక పూట దున్ని చూపుమనుడు. అందుకు సమ్మతింపనివానికి బయానా ఈయరాదు.